ఇంటి ముందు 240 చదరపు అడుగులు: పేవర్ బ్లాకులు మనమే పరుచుకోవచ్చా, చప్టాయే మేలా?

గుంటూరు_కొత్తిల్లు:
గేటు నుంచి వరండా దాకా 12 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు ఖాళీ జాగా ఉంది. నల్లరేగడి. వాన పడితే కారు చక్రాలు దిగబడుతున్నాయి, చెప్పులకు అంటుకున్న బురద వరండా దాకా వస్తోంది. మేస్త్రీని అడిగితే 4 అంగుళాల సిమెంట్ చప్టా, కూలీతో కలిపి 28 వేలు అన్నాడు. అంత పెట్టే బదులు పేవర్ బ్లాకులు తెచ్చుకుని నేనూ మా బావమరిదీ నాలుగు ఆదివారాల్లో పరిచేద్దాం అనుకుంటున్నాం. వీడియోల్లో తేలిగ్గానే కనిపిస్తోంది. చేసినవాళ్లు చెప్పండి.

తాపీ30:
వద్దు తమ్ముడూ. 30 ఏళ్లుగా ఈ పనిలో ఉన్నా. వీడియోలో బ్లాకులు పేర్చడం చూపిస్తారు, అది ఆఖరి పని, అసలు పనంతా కింద ఉంటుంది. నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలు విచ్చుతుంది. కనీసం అడుగు లోతు ఆ మట్టి తీసేసి గ్రావెల్ నింపాలి, అదీ ఒకేసారి కాదు, అరడుగు పోసి నీళ్లు పట్టి దిమ్మిస కొట్టి మళ్లీ అరడుగు. ఇద్దరు ఆదివారం ఆదివారం చేసే పని కాదు. చప్టా వేయించుకుని వారం రోజులు నీళ్లు పట్టు, అయిపోతుంది.

సైట్_బాబు:
కారుకి 60 ఎం.ఎం. మందం బ్లాకు చాలు. బరువు బళ్లయితే 80.

ఇంకుడుగుంత:
చప్టా వేస్తే ఆ నల్లరేగడి ఉబ్బడం మానేస్తుందా? అడుగున మట్టి మార్చకపోతే చప్టా కూడా పగులుతుంది, అప్పుడు బ్లాకుల్లా తీసి సరిచేసుకోవడానికీ ఉండదు. అసలు మొత్తం కప్పడం ఎందుకు? ఒక్క అంగుళం వాన పడితే మీ 240 చదరపు అడుగుల మీద 560 లీటర్లకు పైనే నీళ్లు పడతాయి, అవన్నీ ఎక్కడికి పోవాలి? చక్రాలు నడిచే చోట రెండు వరసలు కడప బండలు పరుచుకోండి, మిగతాది వదిలేయండి. 2002లో తెచ్చిన వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కూడా వాన నీటిని ఇంకించమనే కదా చెప్పేది.

తాపీ30:
నల్లరేగడిలో నీళ్లు ఇంకుతాయని ఎవరు చెప్పారండీ మీకు? పైన రెండు రోజులు నిలబడి దోమలు పెడతాయి. ఇంకుడు గుంత తవ్వినా ఆ జిగట మట్టి దాటి కింద ఇసుక పొర తగిలేదాకా పోతేనే లాభం. తమ్ముడూ, బ్లాకుల కింద ఇసుక ఎంత మందం వేద్దామనుకున్నావు?

గుంటూరు_కొత్తిల్లు:
4 అంగుళాలు అన్నా. మెత్తగా ఉంటే బ్లాకులు బాగా కూర్చుంటాయని.

తాపీ30:
అదిగో. అంగుళం, మహా అయితే అంగుళంన్నర. 4 అంగుళాలు వేస్తే ఏడాది తిరక్కుండా చక్రాల దారి రెండు గాళ్లు పడిపోతుంది. చుట్టూ అంచుకి సిమెంట్‌తో రాయి కట్టకపోతే బ్లాకులు పక్కకి జరుగుతాయి.

సైట్_బాబు:
ప్లేట్ వైబ్రేటర్ అద్దెకి దొరుకుతుంది, దిమ్మిస అక్కర్లేదు.

తాపీ30:
బ్లాకుల మీద వైబ్రేటర్ సరే, మూలల్లో గోడ పక్కన ఏం చేస్తావు? అక్కడ దిమ్మిసే.

ఇంకుడుగుంత:
ఇసుక గురించి వంద మాటలు, నీళ్ల గురించి ఒక్కటీ లేదు. ఈ చప్టాలన్నీ ఒళ్లు వంచడం ఇష్టం లేక వచ్చినవి. మన అమ్మలు పొద్దున్నే లేచి మట్టి వాకిట్లో కళ్ళాపి చల్లి ముగ్గు పెట్టుకున్నారు, వాళ్లకి రాని కష్టం మనకొచ్చిందా?

పద్మ_నరసరావుపేట:
కష్టం రాలేదని మీకు ఎవరు చెప్పారు? మా అమ్మ 40 ఏళ్లు మట్టి వాకిలి ఊడ్చింది. శనివారం సాయంత్రం పేడ కలిపి అలికేది, ఆదివారం అన్నం కలిపే చేతికి గోళ్ల సందుల్లో ఇంకా పచ్చగానే ఉండేది, ఎంత తోమినా పోయేది కాదు. ఇప్పుడు నడుం వంగదు. నాన్న పోయాక మేం చప్టా వేయిస్తే మొదటి రోజు బక్కెట్ నీళ్లు పోసి, చీపురుతో ఒక్క తోపు తోసి, మెట్టు మీద కూర్చుంది. ఊరికే కూర్చుంది అంతే. మీ ఇంట్లో వాకిలి ఎవరు ఊడుస్తున్నారో ముందు అది చెప్పండి, తర్వాత మట్టి గురించి మాట్లాడదాం.

ఇంకుడుగుంత:
మా ఆవిడ. సరే, ఆ మాట నేను అనాల్సింది కాదు.

కానీ నా సంగతి కూడా వినండి. మా పక్కింటివాళ్లు ఇల్లు రెండడుగులు ఎత్తు చేసి చుట్టూ గోడ దాకా చప్టా పోశారు, వాలు మా గోడ వైపు పెట్టారు. అప్పటి నుంచి గట్టి వాన పడిందంటే ఆ నీళ్లన్నీ మా పెరట్లోకే. గోడ కింది వరస ఇటుకలు పెచ్చులూడుతున్నాయి, బియ్యం డబ్బాలు మంచం మీదకి ఎక్కిస్తున్నాం. అడిగితే మా జాగా మా ఇష్టం అన్నారు. మూడేళ్లయింది, మాటల్లేవు. చప్టా అన్న మాట వింటేనే నాకు ఆ నీళ్లు గుర్తొస్తాయి.

తాపీ30:
ఆ సంగతి ముందే చెప్తే ఇంత దూరం వచ్చేది కాదు. అది చప్టా తప్పు కాదు, వాలు తప్పు. వేసిన మేస్త్రీకి తెలిసే ఉంటుంది, ఇంటాయన అటే పెట్టమంటే పెట్టి ఉంటాడు. నేనూ పెట్టాను అలా, ఒకటి రెండు చోట్ల. డబ్బులిచ్చేవాడి మాట కాదనలేక.

తమ్ముడూ, నీ జాగా వాలు ఎటుంది? చూశావా?

గుంటూరు_కొత్తిల్లు:
లెవల్ పైపుతో ఇప్పుడే చూసి వచ్చాను. ప్రస్తుతం తూర్పు గోడ వైపు 3 అంగుళాల పల్లం ఉంది. ఆ పక్కన పెంకుటిల్లు, ముసలివాళ్లిద్దరే ఉంటారు. ఇన్నాళ్లూ మట్టి కాబట్టి కొంత మా దగ్గరే నిలిచేదేమో.

తాపీ30:
అయితే బ్లాకులైనా చప్టా అయినా ముందు అది మార్చు. వాలు వీధి కాలువ వైపు, 50 అడుగులకి అడుగు లెక్కన నీ 20 అడుగులకి దాదాపు 5 అంగుళాలు వస్తుంది. తూర్పు గోడ వెంట ఆరంగుళాల వెడల్పు కాలువ తియ్యి. నూలు దారం కట్టి రసమట్టం పెట్టి చూసుకో, కంటి అంచనా వద్దు. మట్టి తీయడానికీ గ్రావెల్‌కీ ఇద్దరు కూలీలని పెట్టుకో. బ్లాకులు మీరే పరుచుకోండి, ఆ మాత్రం చేయగలరు.

పద్మ_నరసరావుపేట:
ఇంట్లో ఊడ్చే మనిషిని అడిగారా?

గుంటూరు_కొత్తిల్లు:
ఇప్పుడు అడిగానండి. తులసికోట చుట్టూ మూడడుగులు మట్టి వదలమంది అమ్మ. బ్లాకుల సందుల్లో గడ్డి మొలిస్తే పీకేది నువ్వే అని కూడా చెప్పింది.

సైట్_బాబు:
60 ఎం.ఎం. తీసుకోండి.