అప్‌డేట్: టీవీలో వీపీఎన్ తీసేసి స్మార్ట్ డీఎన్‌ఎస్ పెట్టాను

వేరే దేశాల వీడియోలు చూడటానికి వీపీఎన్ (నెట్ ట్రాఫిక్ మొత్తాన్ని ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే రహస్య కోడ్‌లోకి మార్చి, వేరే సర్వర్ గుండా పంపేది) పెడితే టీవీలో వీడియో ఆగి ఆగి వస్తోంది, స్మార్ట్ డీఎన్‌ఎస్‌కి (డీఎన్‌ఎస్ అంటే సైట్ పేరుకి ఐపీ అడ్రస్ వెతికిపెట్టేది) మారితే బాగుపడుతుందా అని అడిగాను కదా. మారాను, బాగుపడింది. ఇందులో మనం ఏ దేశంలో ఉన్నామో చూసే రిక్వెస్టులే ప్రాక్సీ (మధ్యవర్తి సర్వర్) గుండా వెళ్తాయి, వీడియో నేరుగా వస్తుంది. ఎన్‌క్రిప్షన్ భారం కూడా లేదు.

రెండు రోజులకే వీడియో మళ్లీ బ్లాక్ అయింది. గంటసేపు తల పట్టుకున్నాక తెలిసింది: రౌటర్ రీస్టార్ట్ అయి నా ఐపీ అడ్రస్ (నెట్‌లో నా కనెక్షన్ నంబర్) మారిపోయింది, సర్వీసు నన్ను గుర్తుపట్టేది దాంతోనే. కొత్తది సర్వీసు అకౌంట్లో నమోదు చేయగానే పనిచేసింది. ఒక యాప్ మాత్రం టీవీ సెట్టింగ్స్‌ని పట్టించుకోకుండా గూగుల్ డీఎన్‌ఎస్ సర్వర్ 8.8.8.8నే అడుగుతోంది, దాన్ని రౌటర్లోనే దారి మళ్లించాల్సి వచ్చింది.

గోప్యతకి మాత్రం ఇది పనికిరాదు. అందుకే బయటి వైఫై కోసం ల్యాప్‌టాప్‌లో వీపీఎన్ అలాగే ఉంచుకున్నాను. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.