బెయిల్ వచ్చినా బయటికి రాలేని ఆడవాళ్ల కోసం బొంతల ప్రదర్శన: సలహాలు చెప్పండి

నమస్తే అండీ. హైదరాబాద్‌లో మేం కొంతమంది ఆడవాళ్లం కలిసి పాత చీరలతో బొంతలు కుడుతుంటాం. మాలో ఇద్దరు విచారణ ఖైదీలుగా జైల్లో ఉండి వచ్చినవాళ్లే. బెయిల్ వచ్చాక కూడా షూరిటీ, అంటే కోర్టులో పూచీకత్తు, ఇచ్చే మనిషి దొరక్క లోపలే ఉండిపోయారు. భర్త రాడు, పుట్టింటివాళ్లు పరువంటారు. మగ ఖైదీల కోసం గేటు దగ్గర కాచుకునే తల్లీ, పెళ్లామూ ఉంటారు. వీళ్లకెవరున్నారు?

బెయిలిచ్చిన నెలలోపు పూచీకత్తు పెట్టలేకపోతే షరతులు సడలించడాన్ని కోర్టే పరిశీలించవచ్చని 2023 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. పేద విచారణ ఖైదీల బెయిలుకు డబ్బు సాయం చేసే కేంద్ర పథకమూ ఉంది. లోపలున్నవాళ్లకు ఇవి తెలియాలి కదా!

అందుకే ఒక్కో బొంత మీద ఒక్కొక్కరి కథ కుట్టి బస్తీల్లో ప్రదర్శించాలనుకుంటున్నాం. జైల్లో తల్లితో ఉండే పిల్లలకు ఆరేళ్లు నిండితే బయటికి పంపేస్తారు. ఆ కథ చెప్పే బొంత ఇప్పటికే మొదలైంది.

లాయర్లెవరైనా ఉంటే చెప్పండి: కేసు నడుస్తున్నవాళ్ల కథ, పేరు లేకుండా అయినా, చూపిస్తే వాళ్లకు ఇబ్బందా? మా టెన్షన్ అంతా దాని గురించే. ఇంకోటి, చూసినవాళ్లు అయ్యో పాపం అని వెళ్లిపోకుండా షూరిటీకి ముందుకొచ్చేలా చేయడమెలా? వీధి నాటకాలు, బుర్రకథలు ఆడినవాళ్లు మీ అనుభవం చెప్పండి. అసలు ముక్కూమొహం తెలియని మనిషికి షూరిటీ ఇస్తే కోర్టు ఒప్పుకుంటుందా?