టిగ్ వెల్డింగ్ ఎర్ర టంగ్‌స్టన్‌లో థోరియం ఉందట, పారేయాలా?

ప్రశ్న: అన్నలూ, నేను టిగ్ (టంగ్‌స్టన్ రాడ్ మొన దగ్గర కరెంటు మెరుపు పుట్టించి, ఆ వేడితో లోహాన్ని అతికించే వెల్డింగ్) నేర్చుకుంటున్నా. చివర ఎర్ర రంగున్న టంగ్‌స్టన్ రాడ్లే వాడుతున్నాం, వాటిలో థోరియం ఉంటుంది రేడియోయాక్టివ్ అని ఒకాయన అన్నాడు, అప్పట్నుంచి రాడ్ ముట్టుకోవాలంటేనే భయమేస్తోంది. డబ్బా పారేయాలా?

జవాబు: పారేయకు తమ్ముడూ. ఎర్ర రంగంటే దాదాపు 2 శాతం థోరియం ఆక్సైడ్ కలిపారని. అది ఉంటే టంగ్‌స్టన్ నుంచి ఎలక్ట్రాన్లు తేలిగ్గా బయటికొస్తాయి, ఆర్క్ (ఆ కరెంటు మెరుపు) టక్కున అందుకుంటుంది, నిలకడగా ఉంటుంది, అందుకే ఇన్నేళ్లుగా వాడుతున్నారు. ఇక రేడియేషన్ సంగతి, థోరియం-232 సగానికి తగ్గాలంటే దాదాపు 1,400 కోట్ల ఏళ్లు పడుతుంది, అంత నెమ్మది కాబట్టి గ్రాముకి వచ్చేది తక్కువే. అదీ ఎక్కువగా ఆల్ఫా అనే రకం రేడియేషన్, మన చర్మం మీది చచ్చిన పొరని కూడా దాటలేదు. దాన్నుంచి పుట్టే మూలకాల వల్ల కాస్త బీటా, గామా అనే రకాలూ వస్తాయి, గీగర్ కౌంటర్ (రేడియేషన్‌ని పసిగట్టే మీటర్) పెడితే టిక్ టిక్ అంటుంది, చూసి కంగారుపడకు.

ప్రశ్న: అంటే ఏం పర్లేదా అయితే?

జవాబు: అలా అనలేదు. మొన తీయడానికి గ్రైండ్ చేస్తావు కదా, అసలు గొడవంతా అక్కడే. ఆ దుమ్ము పీలిస్తే ఊపిరితిత్తుల్లో అడ్డుకునే చచ్చిన పొర ఏమీ ఉండదు, ఆల్ఫా శక్తంతా పక్కనున్న కణాల మీదే పడుతుంది, పైగా ఈ ఆక్సైడ్ కరగదు కాబట్టి ఏళ్ల తరబడి అక్కడే కూర్చుంటుంది. థోరోట్రాస్ట్ అని ఒక మందుండేది, 1930ల్లో, 40ల్లో ఎక్స్‌రేలో రక్తనాళాలు బాగా కనపడాలని థోరియం ఆక్సైడ్‌నే ఒంట్లోకి ఎక్కించారు, అది లివర్‌లో ఉండిపోయి ఎంతోమందికి దశాబ్దాల తర్వాత క్యాన్సర్ వచ్చింది. ఆ డోసు చాలా పెద్దది, మీ దుమ్ముతో సమానం కాదు, కానీ ఇది లోపలికి పోనివ్వకూడని సరుకని మాత్రం అర్థమవుతుంది.

ఇంకొకరు: మా సీనియర్లు జీవితమంతా మాస్క్ లేకుండానే గ్రైండ్ చేశారు, ఎవరికీ ఏమీ కాలేదు, ఊరికే భయపెట్టకండి

జవాబు: కాకపోతే సంతోషమే అన్నా, కానీ ఇలాంటివి వెంటనే బయటపడవు, అందుకని ఆ లెక్క నమ్మలేం. జాగ్రత్త పెద్ద ఖర్చేం కాదు కదా. టంగ్‌స్టన్‌కి విడిగా ఒక గ్రైండర్, దుమ్ము లాగేసే ఎగ్జాస్ట్, సన్న దుమ్ము ఆపే ఫిల్టర్ మాస్క్ (ముక్కుకి కట్టుకునే గుడ్డ పనికిరాదు). దుమ్ముని చీపురుతో ఊడ్చొద్దు, ఎయిర్ గన్‌తో అస్సలు ఊదొద్దు, తడిగుడ్డతో తుడవండి. చేతులు కడుక్కున్నాకే తిండి.

ప్రశ్న: థోరియం లేనివి దొరుకుతాయా, పని అలాగే చేస్తాయా?

జవాబు: దొరుకుతాయి. లాంథనం కలిపినవి, 1.5 శాతమైతే బంగారు రంగు, 2 శాతమైతే నీలం. సీరియం కలిపింది బూడిద రంగు, తక్కువ ఆంప్స్‌లో బాగుంటుంది. నన్నడిగితే నీలం తీసుకో, ఏసీకీ డీసీకీ రెండిటికీ నడుస్తుంది, నేర్చుకునేవాళ్లకి తేడా తెలియను కూడా తెలియదు. ఉన్న ఎర్రవి జాగ్రత్తగా వాడేసెయ్, అరిగిన ముక్కలు జేబులో వేసుకోకుండా మూతున్న డబ్బాలో దాచి, దుమ్ము కూడా విడిగా కవర్లో కట్టి, మీ దగ్గర రేడియోయాక్టివ్ చెత్తకి ఏ రూల్ ఉందో కనుక్కుని దాని ప్రకారం ఇచ్చెయ్.