కాకతీయుల కాలపు పిల్లకు అన్నంలోకి ఏం పెట్టాలి?

నమస్కారమండీ. పదేళ్ళ లోపు పిల్లల కోసం ఒక కథ రాస్తున్నాను. కాలం 1213 ప్రాంతం, చోటు పాలంపేట, రామప్ప గుడి శిఖరం లేస్తున్న రోజులు. మైలమ అనే పిల్ల ఉంది, పట్టిన పట్టు విడవదు. అది ముట్టుకున్న ఇటుక నీళ్ళలో మునగదు. (ఆ శిఖరం ఇటుకలు నిజంగానే తేలతాయి కదా, మంత్రాన్ని అక్కడే తగిలించాను.) పెద్దమేస్త్రీ "పో అవతలికి" అని కసిరితే, ఇటుకను చెరువులోకి విసిరి, ఆయన వచ్చి చూసేదాకా నడుం మీద చేతులేసుకుని నిలబడుతుంది.

చిక్కంతా వంటింట్లో వచ్చింది. మిరపకాయ, టమాటా, వేరుశనగ అప్పటికింకా మన దేశానికే రాలేదు. కారానికి మిరియాలు సరే. అలిగి కూర్చున్న దాన్ని బతిమాలడానికి వాళ్ళమ్మ ఏం పెట్టి ఉంటుంది? జొన్న సంకటా? నువ్వుల ఉండా? శాసనాలు చదివినవాళ్ళు, ములుగు వైపు పెద్దల నోట పాత వంటల సంగతులు విన్నవాళ్ళు కాస్త చెప్పండి. అంత తేలికైన ఇటుకను ఎలా చేసేవారో తెలిసినా రాయండి. రాజుల వంశావళి మాత్రం వద్దు, మైలమ వినదు.