జెర్మీ ‘దివోర్జియో ఆల్ ఇతాలియానా’ చూసి ఈనాడు నవ్వవచ్చునా?

చర్చ ప్రారంభించిన సభ్యురాలు:

పోయిన నెల మా ఇంట్లో ఎనిమిది మందిమి కూర్చుని పియెత్రో జెర్మీ 1961లో తీసిన ‘దివోర్జియో ఆల్ ఇతాలియానా’ చూశాము. పేరును తెలుగు చేస్తే ‘ఇటలీ మార్కు విడాకులు’ అనవచ్చు. సిసిలీలోని ఒక చిన్న ఊళ్లో చితికిపోయిన జమీందారు ఫెఫే, దగ్గరి బంధువుల అమ్మాయి అయిన పదహారేళ్ల ఆంజెలాను మోహిస్తాడు. ఆనాటి ఇటలీ చట్టంలో విడాకులు లేవు. అందుకని భార్య రొజాలియా మరొకరికి దగ్గరయ్యేలా తానే ఏర్పాట్లు చేసి, ఇద్దరినీ పట్టుకుని, పరువు పేరిట ఆమెను చంపి, కొద్దిపాటి శిక్షతో బయటపడాలని పథకం వేస్తాడు.

సినిమా సగంలో ఉండగానే మాలో చిన్నవాళ్లైన ఇద్దరు అమ్మాయిలు లేచి వెళ్లిపోయారు. చంపబోయే భార్యను చూసి నవ్వమంటున్నారని, అది తమ వల్ల కాదని చెప్పారు. పెద్దవాళ్లలో ఒకరు, ఇది గొప్ప వ్యంగ్యమని, ఆ పిల్లలకు అర్థం కాలేదని అన్నారు. నాకు రెండు మాటలూ పూర్తిగా నచ్చలేదు. ఇలాంటి పాత ఇటాలియన్ హాస్య చిత్రాలను ఈనాటివాళ్లు ఎలా చూడాలో మీ అభిప్రాయాలు చెప్పండి.

రెండవ సభ్యుడు:

లేచి వెళ్లిన అమ్మాయిల మీద నాకు కోపం లేదు కానీ, వాళ్లకు ఒక సంగతి ముందే చెప్పి ఉండవలసింది. 1930 నాటి ఇటలీ శిక్షాస్మృతిలో 587వ అధికరణం ఉండేది. భార్యగానీ, కూతురుగానీ, సోదరిగానీ అక్రమ సంబంధంలో ఉందని కనిపెట్టిన క్షణంలో, తన పరువుకో కుటుంబం పరువుకో భంగం కలిగిందన్న ఆగ్రహంతో చంపినవాడికి మూడు నుంచి ఏడేళ్ల శిక్ష మాత్రమే పడేది. మామూలు హత్యకు కనీస శిక్ష ఇరవై ఒక్క ఏళ్లు. ఫెఫే కనిపెట్టిన ఉపాయం రచయితల ఊహ కాదు, అది దేశ చట్టంలోనే ఉంది. జెర్మీ చేసినదల్లా ఆ అధికరణాన్ని ఒక మోసగాడి చేతికిచ్చి, వాడు దాన్ని ఎంత సులువుగా వాడుకోగలడో చూపించడమే. ఫెఫే హత్యకు ముందే తన తరఫు న్యాయవాది కోర్టులో ఇవ్వబోయే ఉపన్యాసాన్ని మనసులో వింటూ ఉంటాడు. చట్టం మీద అంతకంటే గట్టి దెబ్బ సినిమాల్లో నేను చూడలేదు.

ఈ చిత్రానికి 1963లో ఉత్తమ మౌలిక చిత్రానువాదానికి ఆస్కార్ వచ్చింది. ‘ఇటాలియన్ తరహా హాస్యం’ అని ఒక ధోరణికే ఈ సినిమా పేరు నుంచి పేరు పుట్టింది. విడాకుల చట్టం 1970 డిసెంబరులో వచ్చింది. దాన్ని రద్దు చేయాలని 1974లో జరిపిన ప్రజాభిప్రాయ సేకరణలో సుమారు 59 శాతం మంది చట్టం ఉండాలనే ఓటు వేశారు. 587వ అధికరణం మాత్రం 1981 ఆగస్టు దాకా బతికే ఉంది. అంటే జనం ఈ సినిమా చూసి నవ్విన తరువాత కూడా ఇరవై ఏళ్లు ఆ చట్టం నిలిచింది. అలాంటి సినిమాను స్త్రీ ద్వేషం అని తోసేస్తే, స్త్రీల పక్షాన నిలిచినదాన్నే మనం పోగొట్టుకుంటాము.

మూడవ సభ్యురాలు:

చట్టం గురించి రెండవ సభ్యుడు గారు చెప్పినదంతా నిజం, దాన్ని ఇంత స్పష్టంగా చెప్పినందుకు కృతజ్ఞతలు. కానీ ఆ అమ్మాయిలు అడిగిన ప్రశ్నకు అది జవాబు కాదండి. వాళ్లు అడిగింది నవ్వు ఎవరి మీద పడుతోందని. ఈ సినిమాలో నవ్వు ఒకే చోట పడదు. న్యాయవాది ఉపన్యాసం మీద, భార్య వెళ్లిపోయిందని ఫెఫేకు వచ్చే ఆకాశరామన్న ఉత్తరాల మీద, చంపేదాకా అతన్ని చిన్నచూపు చూసి చంపాక గౌరవించే ఊరి మీద పడినప్పుడు ఆ నవ్వు చట్టానికే తగులుతుంది. రొజాలియాగా నటించిన, అందంగా ఉండే దానియేలా రొక్కా ముఖానికి కలిసిపోయిన కనుబొమ్మలూ, నూనూగు మీసమూ పెట్టి, ఆమె ప్రేమగా భర్త మీదకు ఒరిగినప్పుడల్లా మనం ముఖం చిట్లించుకునేలా చేసినప్పుడు, ఆ నవ్వు ఏ అధికరణానికీ తగలదు. అది రొజాలియాకే తగులుతుంది. ఫెఫే పగటి కలల్లో భార్యను సబ్బు కాగులో ఉడకబెడతాడు, ఊబిలో దించుతాడు, రాకెట్టు ఎక్కించి అంతరిక్షంలోకి పంపుతాడు. అక్కడ ప్రేక్షకుడు నవ్వేది చట్టాన్ని తలచుకుని కాదు, ఆ భార్య పీడ విరగడైతే బాగుండునని తానూ అనుకోవడం వల్ల.

ఇంకొక సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆంజెలాగా నటించిన స్తెఫానియా సాంద్రెల్లికి సినిమా విడుదలైన నాటికి పదిహేనేళ్లు. ఆమె మీద కెమెరా నిలిచే తీరును ఏ వ్యంగ్యం పేరుతోనూ నేను సమర్థించలేను, ఎవరైనా సమర్థించగలరని కూడా అనుకోను.

అయినా జెర్మీని పక్కన పెట్టమని నేను అనను, ఎందుకంటే ఈ లోపాన్ని ఆయన తరువాతి సినిమాయే ఎత్తి చూపుతుంది. 1964లో వచ్చిన ‘సెదోత్తా ఎ అబ్బందొనాతా’, అంటే ‘మోసపోయి, విడిచివేయబడినది’, 544వ అధికరణం గురించి తీసినది. బలాత్కారం చేసినవాడు ఆ అమ్మాయిని పెళ్లాడితే అతని నేరం మాసిపోతుందని ఆ అధికరణం చెప్పేది. కథలో అక్కతో పెళ్లి కుదిరిన పెప్పీనో, ఆమె చెల్లెలైన అన్యేజేను లొంగదీసుకుంటాడు, ఆ తరువాత కన్య కాదు కాబట్టి ఆమెను చేసుకోనంటాడు. అడగడం మగవాడి హక్కు, కాదనడం ఆడదాని బాధ్యత అని అతని వాదన. కూతురి గోడు ఒక్కసారి కూడా వినని తండ్రి, పరువు కాపాడుకోవడానికి దొంగ కిడ్నాపు నాటకం దాకా వెళతాడు. ఆ తండ్రి పాత్రకు సారో ఉర్జీ కాన్ చిత్రోత్సవంలో ఉత్తమ నటుడయ్యాడు. ఇందులోనూ ఊరు నవ్వుతుంది, కానీ ఆ నవ్వే అన్యేజేను చుట్టుముట్టి కుప్పకూల్చేస్తుంది. అంతసేపూ మనమూ నవ్వుతూనే ఉన్నామని అప్పుడు గుర్తుకు వస్తుంది. మొదటి సినిమాలో లేనిది ఇదే. రొజాలియా వైపు నుంచి మనం ఒక్క నిమిషం కూడా ఆ ఊరిని చూడము.

ఈ రెండవ సినిమా వచ్చిన మరుసటి ఏడాది డిసెంబరులో, సిసిలీలోని అల్కామోలో ఫ్రాంకా వియోలా అనే పదిహేడేళ్ల అమ్మాయిని ఎత్తుకుపోయి బలాత్కారం చేశారు. పెళ్లితో పరువు నిలబెట్టుకోమని అందరూ ఆశించినా ఆమె ఒప్పుకోలేదు, కోర్టుకు వెళ్లింది, నేరస్థుడికి జైలుశిక్ష పడింది. 544వ అధికరణం కూడా 1981లోనే, 587తో పాటే పోయింది. లైంగిక దాడి ‘ప్రజా నైతికత’ మీద నేరం కాదు, మనిషి మీద నేరం అని ఇటలీ చట్టం గుర్తించడానికి మాత్రం 1996 దాకా పట్టింది. ఈ వరుస తెలిసినవాళ్లకు అన్యేజే మౌనం వేరుగా వినిపిస్తుంది.

నాలుగవ సభ్యుడు:

క్లుప్తంగా అడుగుతాను. నవ్వు ఎవరికి తగులుతుందన్నదే కొలత అయితే, లీనా వెర్ట్‌ముల్లర్ 1974లో తీసిన ‘స్వెప్ట్ అవే’ సంగతి ఏమిటి? ఇటలీ దక్షిణాదికి చెందిన కమ్యూనిస్టు నావికుడు, నిర్జన ద్వీపంలో తనతో చిక్కుకున్న ధనిక స్త్రీని కొట్టి లొంగదీసుకుంటాడు, ఆమె అతన్ని ప్రేమిస్తుంది. తీసింది ఒక స్త్రీ, ఉత్తమ దర్శకత్వానికి ఆస్కార్ నామినేషన్ పొందిన మొట్టమొదటి స్త్రీ కూడా ఆమే. వర్గాల మధ్య పోరుకు ఇది రూపకమని ఆమె వాదన. అప్పుడు తప్పు పట్టవచ్చునా?

మూడవ సభ్యురాలు:

తప్పు పట్టవచ్చు, నేను పడతాను. రూపకం అన్న మాటతో ఆ దెబ్బలు మాయం కావు. ఆ ధనిక స్త్రీగా నటించిన మరియాంజెలా మెలాతో చెంప మీద పడేది రూపకం చేయి కాదు. జెర్మీ దగ్గర చట్టం ఉంది, సంవత్సరం ఉంది, ఊరు ఉంది, వాటిని తెలుసుకుంటే మన నవ్వు ఎటు పోవాలో తెలుస్తుంది. ద్వీపంలో అలాంటిది ఏదీ లేదు, కొట్టడమూ ఆపై ప్రేమించడమూ మాత్రమే ఉన్నాయి. వెర్ట్‌ముల్లర్ ప్రతిభ మీద నాకు గౌరవం ఉంది, ఆ సినిమా మీద లేదు. ఇక డెబ్బైలలో ఇటలీలో వరుసగా వచ్చిన పంతులమ్మల, నర్సుల శృంగార హాస్య సినిమాలకు ఈ చర్చలో ఒక్క వాక్యం చాలు. అక్కడ వెక్కిరించడానికి చట్టమూ లేదు, ఊరూ లేదు, తలుపు సందుల్లోంచి తొంగి చూడటమే ఉంది.

రెండవ సభ్యుడు:

ఆంజెలా విషయంలో నా దగ్గర జవాబు లేదు, ఒప్పుకుంటున్నాను. రొజాలియా విషయంలో ఒక్క మాట. సినిమా మొత్తం రైలులో ఊరికి తిరిగి వస్తున్న ఫెఫే చెప్పే కథ. ఆమె వికారం అతని చూపు కావచ్చు కదా? అతను చూసినట్టు మనకు చూపించి, ఆ చూపే నేరమని చెబుతున్నాడేమో జెర్మీ. మన ‘కన్యాశుల్కం’లో గిరీశం మాటలకు నవ్వినంత మాత్రాన గురజాడ గిరీశం పక్షం అనము కదండీ.

మూడవ సభ్యురాలు:

మంచి ప్రశ్న, రెండు రోజులు ఆలోచించాను. గిరీశానికి ఎదురుగా గురజాడ మధురవాణిని నిలబెట్టాడు. గిరీశం కంటే బాగా మాట్లాడగల మనిషి ఆ నాటకంలో ఉంది, అతని డాంబికం ఆమె ముందు నిలవదు. ఫెఫే చూపుకు ఎదురుగా ఎవరూ లేరు. అతను లేని గదిలో రొజాలియా ఎలా ఉంటుందో ఒక్కసారి చూపించి ఉంటే మీ మాట ఒప్పుకునేదాన్ని. ఇంకొక సంగతి కూడా ఉంది. జెర్మీ జెనోవా మనిషి, ఉత్తరాది నుంచి వచ్చి సిసిలీని వెక్కిరించాడని అప్పటి నుంచీ ఫిర్యాదు ఉంది. ‘సెదోత్తా’లో పోలీసు అధికారి గోడ మీది ఇటలీ పటంలో సిసిలీని అరచేత్తో కప్పి చూసుకునే దృశ్యం ఆ ఫిర్యాదుకు బలమిస్తుంది. అయితే 1966లో ఆయన ఉత్తరాదిలోని త్రెవీజోకు వెళ్లి, అక్కడి గౌరవనీయుల కపటాన్ని ‘సిన్యోరే ఎ సిన్యోరి’లో అంతే నిర్దయగా చూపించాడు, దానికి కాన్‌లో అత్యున్నత బహుమతిని మరో చిత్రంతో కలిసి పొందాడు. ప్రాంతాన్ని చిన్నబుచ్చాడన్న నింద నుంచి ఆయనను నేను విముక్తుణ్ణి చేస్తాను. రొజాలియా విషయంలో చేయలేను.

చర్చ ప్రారంభించిన సభ్యురాలు:

ఈ మాటలన్నీ ఆ ఇద్దరు అమ్మాయిలకు చదివి వినిపించాను. వచ్చే ఆదివారం ముందుగా ‘సెదోత్తా’ వేస్తున్నాము. సినిమా మొదలు కాకముందే 544, 587 అధికరణాలు ఏమి చెప్పేవో తెలుగులో చదువుతాను. ‘దివోర్జియో’ ఆ తరువాతి వారం. లేచి వెళ్లిన అమ్మాయిల్లో ఒకరు వస్తానన్నారు, రెండవ ఆమె రానన్నారు. రానన్న ఆమెను ఈసారి ఎవరూ, అర్థం కాలేదు అనడం లేదు.