వార్‌హామర్ 40,000 నవలల్లో మొదట ఏది చదవాలి?

కందుకూరు పాఠకుడు:

అందరికీ నమస్కారం. నేను కందుకూరులో సాంఘిక శాస్త్రం చెప్పే ఉపాధ్యాయుణ్ని. మొన్న సంక్రాంతికి బెంగళూరు నుంచి వచ్చిన మా మేనల్లుడు తనతో ఒక చిన్న పెట్టె తెచ్చుకున్నాడు. బల్లమీద సైనికుల బొమ్మలతో ఆడే వార్‌హామర్ 40,000 అనే యుద్ధపు ఆట బొమ్మలవి. మూత తీస్తే లోపల స్పాంజిలో గుంటలు కోసి, ఒక్కొక్క గుంటలో ఒక్కొక్క సైనికుణ్ని పడుకోబెట్టి ఉంచాడు. బొమ్మ నా బొటనవేలంత ఉంటుంది, కానీ దాని భుజకవచం అంచున వెంట్రుకంత సన్నని బంగారు గీత ఉంది. ఆ ఒక్క గీతకు ఒక సాయంత్రం పట్టిందని, పలుచగా కలిపిన నల్లరంగును కవచం సందుల్లోకి దిగనిస్తే అది నీడలా కనిపిస్తుందని వాడు చెబుతుంటే, కొండపల్లి బొమ్మలు చేసేవారి పనితనం విన్నట్టే ఉంది.

ఆ రాత్రి అరుగుమీద కూర్చుని వాడు ఆ బొమ్మల వెనుక ఉన్న కథ చెప్పాడు. పదివేల ఏళ్లుగా బతికీ బతకని స్థితిలో బంగారు సింహాసనం మీద కూర్చున్న చక్రవర్తి, ఆయన పేరిట నడిచే పదిలక్షల లోకాల సామ్రాజ్యం, తండ్రిమీద తిరగబడిన కొడుకు. అది విన్నప్పటి నుంచి నా మనసులో తిరుగుతూనే ఉంది. ఆట ఆడే వీలు నాకు లేదు. ఇక్కడ ఆడేవారు ఎవరూ లేరు, అంత చిన్న బొమ్మలకు రంగులు వేసే చూపూ నాకు లేదు. "మామయ్యా, నువ్వు నవలలు చదువు" అన్నాడు వాడు. తీరా చూస్తే అవి వందల సంఖ్యలో ఉన్నాయి, అందులో ఒక్క వరుసలోనే 54 పుస్తకాలు ఉన్నాయి. ఆట తెలియనివాడికి ఈ నవలలు అర్థమవుతాయా? మొదట ఒకే ఒక పుస్తకం కొనాలంటే దేన్ని కొనాలి? ఆంగ్ల నవలలు నెమ్మదిగానైనా చదవగలను.

పెన్నాతీరం (నెల్లూరు):

మాస్టారూ, మీ ప్రశ్న చదవగానే నాకు మా తిక్కన గుర్తుకు వచ్చారు. నన్నయ అరణ్యపర్వం నడుమ ఆపిన భారతాన్ని చేపట్టినప్పుడు ఆయన ఆ ఆగినచోటు నుంచి మొదలుపెట్టలేదు, విరాటపర్వం నుంచి మొదలుపెట్టారు. ఆ పర్వం తనంతట తాను నిలబడే కథ. మారువేషాలు, ఒక రాజుగారి కొలువు, ఒక ఏడాది గడువు తెలిస్తే చాలు. మన పల్లెల్లో వానల కోసం విరాటపర్వం చదివించేవారు, వినడానికి వచ్చిన రైతును ఆదిపర్వం విన్నావా అని ఎవరూ అడిగేవారు కారు. ఈ నవలల్లోనూ అలాంటి విరాటపర్వం ఒకటి ఉంది. అది డాన్ ఆబ్నెట్ రాయగా 2001లో వచ్చిన 'జీనోస్'. ఐజెన్‌హార్న్ అనే ఇన్‌క్విజిటర్ తన కథను తానే చెప్పుకునే మూడు నవలల్లో ఇది మొదటిది.

దీన్నే మొదట చదవమని చెప్పడానికి కారణం ఉంది. ఈ ఆటను ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌కు చెందిన గేమ్స్ వర్క్‌షాప్ సంస్థ 1987లో తెచ్చింది, దాని తొలి రచయిత రిక్ ప్రీస్ట్‌లీ. బల్లకు ఇటొకరు అటొకరు నిలబడి ఆడే ఆట కనుక అందులో ఎప్పుడూ రెండు సైన్యాలు ఎదురుపడే ఉండాలి, అందువల్ల ఆట పుస్తకాలు చదివినవారికి ఆ విశ్వమంతా యుద్ధభూమిగానే కనిపిస్తుంది. మరి ఆ పదిలక్షల లోకాల్లో బతికే మామూలు మనుషులు ఏం తింటారు, ఎవరికి పన్ను కడతారు, రాత్రిపూట దేనికి భయపడి తలుపు గడియ పెట్టుకుంటారు అన్న సంగతి బల్లమీద కనిపించదు. నేను చదివినంతలో దాన్ని మొదటిసారిగా కళ్లకు కట్టినవి ఐజెన్‌హార్న్ నవలలే. ఒక నేరస్థుణ్ని వెతుక్కుంటూ ఊరినుంచి ఊరికి, లోకంనుంచి లోకానికి తిరిగే విచారణాధికారి కథ అది. కనుక విందుశాలలు, రేవులు, కార్యాలయాలు, గుళ్లు అన్నీ ఆయన వెంట మనమూ చూస్తాం.

ఇన్‌క్విజిటర్ అంటే సామ్రాజ్యంలో ఎవరినైనా విచారించగల, అవసరమనుకుంటే ఒక లోకాన్నే తుడిచిపెట్టమని ఆదేశించగల అధికారి. అంత అధికారం ఉన్న మనిషి నిజాయితీపరుడైతే ఏమవుతుందన్నదే ఈ మూడు నవలల విషయం. మొదటి పుస్తకంలో శత్రువు ఆయుధాన్ని తాకడమే పాపమని నమ్మిన మనిషి, నూరేళ్లకు పైగా సాగే ఆ కథలో ప్రతిసారీ ఒక మంచి కారణంతోనే ఒక్కొక్క మెట్టు దిగుతాడు. ఏ మెట్టు దగ్గర ఆగవలసిందో నేను రెండుసార్లు చదివినా తేల్చి చెప్పలేకపోయాను. తరువాతి రెండు 'మాలియస్', 'హెరెటికస్'. మూడూ కలిపిన ఒకే సంపుటం కూడా ఉంది, ఒక్క పుస్తకమే కొనాలనుకుంటే దాన్నే కొనండి.

ఒంగోలు చదువరి:

పెన్నాతీరం గారి మాటను గౌరవిస్తూనే నేను వేరే దారి చెబుతాను. మాస్టారు చరిత్ర చెప్పేవారు, ఆయన మనసును పట్టుకున్నది తండ్రిమీద తిరగబడిన కొడుకు కథ. ఆకలి ఒకచోట ఉంటే అన్నం ఇంకొకచోట పెట్టడం ఎందుకు? ఆ కొడుకు పేరు హోరస్, ఆ తిరుగుబాటు కథ 'హోరస్ రైజింగ్'తో మొదలవుతుంది. దాన్నీ ఆబ్నెట్ గారే రాశారు, 2006లో వచ్చింది. ఆట కథ జరిగేది నలభై ఒకటో సహస్రాబ్దిలో, తిరుగుబాటు జరిగింది దానికి పదివేల ఏళ్ల ముందు. అంటే ఆటగాళ్లు సుమారు ఇరవై ఏళ్లపాటు పురాణంలా విన్న సంగతిని ఈ వరుస వెనక్కి వెళ్లి వివరంగా చెప్పింది. నెల్లూరివారు తిక్కనను తలచుకున్నారు కనుక మా ఎఱ్ఱనను నేను తలచుకుంటాను. ముందు జరిగిన కథను అందరికంటే చివర వచ్చి పూరించినవారు ఆయనే కదా.

ఈ పుస్తకం మీకు నచ్చుతుందని అనుకోవడానికి ఇంకొక కారణం, అందులోని రిమెంబ్రాన్సర్లు. మానవజాతిని మళ్లీ ఏకం చేయడానికి చక్రవర్తి రెండువందల ఏళ్లుగా నడుపుతున్న దండయాత్రను గ్రంథస్థం చేయడానికి నౌకల్లో పంపిన కవులు, చిత్రకారులు, చరిత్రకారులు వారు. సైన్యానికి వారంటే చిరాకు. గెలిచిన నగరంలో ఏది రాయాలి, ఏది రాయకూడదు అన్న దగ్గర కవికీ సేనాపతులకూ మధ్య వచ్చే ఘర్షణ, ఎనిమిదో తరగతి పాఠ్యపుస్తకం చేతిలో పట్టుకుని నిలబడే మాస్టారికి చప్పున అందుతుంది. కథ మొదలయ్యేదే ఒక చిక్కుతో. సైన్యం చేరుకున్న లోకంలో అప్పటికే ఒక చక్రవర్తి ఉన్నాడు, తమదే మానవజాతి అసలు సామ్రాజ్యమని ఆ లోకం వారు నమ్ముతున్నారు. లోకెన్ అనే కెప్టెన్ ఆ ప్రజల మాటలు వింటూ తన పక్షం న్యాయం గురించి మొదటిసారి ఆలోచనలో పడతాడు.

54 అన్న అంకె చూసి భయపడకండి. మొదటి మూడూ, అంటే 'హోరస్ రైజింగ్', గ్రాహం మెక్‌నీల్ రాసిన 'ఫాల్స్ గాడ్స్', బెన్ కౌంటర్ రాసిన 'గాలక్సీ ఇన్ ఫ్లేమ్స్', కలిపి ఒక పూర్తి కథ. అక్కడ ఆగిపోయినా లోటు ఉండదు. 54 తరువాత భూమి ముట్టడి పేరుతో ఇంకొక వరుస వచ్చి, మొత్తం కథ 2024లోగాని ముగియలేదు. నేను దాన్నంతా వరుసగా చదివాను. నడుమ పుస్తకాలు కొన్ని ఒకే సంఘటనను మళ్లీ మళ్లీ వేరే కళ్లతో చెబుతాయి, కొత్తవారికి ఆ ఓపిక ఉండాలని నేను కోరను.

మార్కాపురం వాసి:

ఇద్దరూ చెప్పినవి మంచి పుస్తకాలే. అయితే రెండింటిలోనూ కథ నడిపేవారు అధికారం ఉన్నవారు. మామూలు సిపాయి కళ్లతో చూడాలంటే 1999లో వచ్చిన 'ఫస్ట్ అండ్ ఓన్లీ' చదవాలి. దానితో మొదలయ్యే వరుసను 'గాంట్స్ గోస్ట్స్' అంటారు. టానిత్ అనే అడవుల లోకంలో కొత్తగా సైన్యంలో చేరిన యువకులు నౌక ఎక్కుతున్న రోజునే శత్రువు ఆ లోకాన్ని నాశనం చేస్తాడు. వారిని బతికించి బయటికి తెచ్చిన కమిసార్ (సిపాయిల క్రమశిక్షణ చూసే అధికారి) గాంట్‌ను, తమను అక్కడే పోరాడి చావనివ్వలేదన్న కోపంతో సగంమంది ద్వేషిస్తారు, ఆయన వెంటే యుద్ధానికీ వెళతారు. మా అమ్మ పుట్టిల్లు వెలిగొండ ప్రాజెక్టు ముంపు గ్రామాల్లో ఒకటి. ఊరి చింతచెట్టు పేరు, బావి పేరు చెప్పుకుంటూ ఆమె పొద్దుపుచ్చడం చూసినవాణ్ని కనుక, ఆ సిపాయిలు తమ అడవిలోని చెట్ల గురించి మాట్లాడుకునే చోట్ల పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను.

నవ్వు కూడా కావాలనుకుంటే శాండీ మిచెల్ రాసిన కయఫస్ కెయిన్ నవలలు ఉన్నాయి. తాను పిరికివాణ్నని నమ్మే ఒక వీరుడి ఆత్మకథ అది, దానికి ఒక ఇన్‌క్విజిటర్ అడుగడుగునా అధస్సూచికలు రాస్తుంది.

చదివే పద్ధతి గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఈ నవలల్లో లాటిన్ పోలికతో కల్పించిన పదాలు చాలా వస్తాయి, అవి నిఘంటువులో దొరకవు. దొరకని పదాన్ని వదిలి ముందుకు వెళితే పది పుటల్లో దాని అర్థం కథే చెబుతుంది. అర్థం కోసం అంతర్జాలంలో వెతికితే మాత్రం ఆ పాత్ర చివరికి ఎలా చనిపోతుందో మొదటి వాక్యంలోనే తెలిసిపోతుంది, నాకు రెండుసార్లు అలాగే జరిగింది. అచ్చు ప్రతులు అన్నివేళలా దొరకవు కనుక ఈ-బుక్ తీసుకోవడం మేలు, అక్షరాలు పెద్దవి చేసుకునే వీలూ ఉంటుంది.

మీరు ఉపాధ్యాయులు కనుక ఇదీ చెప్పాలి. ఊహించగల పాలనలన్నిటిలోకీ క్రూరమైనదిగా ఈ సామ్రాజ్యాన్ని ఆ ఆట పుస్తకాలే తొలిపుటలో వర్ణిస్తాయి. ఆ చక్రవర్తి కోసం రోజుకు వెయ్యిమంది ప్రాణాలు ధారపోస్తారు. కవచాల అందం చూసిన పిల్లలు దాన్ని ఆదర్శ రాజ్యమనుకునే ప్రమాదం నిజంగా ఉంది. హింస కూడా ఎక్కువే. బడి గ్రంథాలయంలో పెట్టే ముందు మీరు పూర్తిగా చదవండి.

పెన్నాతీరం (నెల్లూరు):

మార్కాపురం వారు చివర చెప్పినదానితో పూర్తిగా ఏకీభవిస్తాను. కెయిన్ నవలలను మాత్రం మొదటగా తీసుకోకండి. ఆ లోకం ఎంత చీకటిదో తెలిసిన తరువాతే అందులోని నవ్వు పండుతుంది.

కందుకూరు పాఠకుడు:

అందరికీ కృతజ్ఞతలు. ఐజెన్‌హార్న్ సంపుటాన్ని ఈ-బుక్‌గా తీసుకుని నిన్న రాత్రి మొదలుపెట్టాను. తొలి ఘట్టం ఒక చీకటి లోకంలో జరుగుతుంది. అక్కడి ధనికులు నెలల తరబడి ఉండే శీతాకాలమంతా మంచుపెట్టెల్లో నిద్రపోతారు, మెలకువగా ఉండేది కాపలావారు మాత్రమే. ఆ నిద్రిస్తున్న వేలమందిని సమయం కాకముందే లేపడం వల్ల వారు గుడ్డిగా తడుముకుంటూ చనిపోయే దృశ్యం చదివాక, వేసవి రాత్రిలోనూ దుప్పటి కప్పుకున్నాను. ఐజెన్‌హార్న్ సహచరి తొలి పుటల్లోనే మరణిస్తే, ఆయన దుఃఖపడడానికి కూడా ఆగకుండా వేటలో ముందుకు సాగిపోతాడు. దిగే మెట్లలో అదే మొదటిదా అన్న అనుమానం వచ్చి, ఆ పుట దగ్గర గుర్తు పెట్టుకున్నాను.

తెలియని పదాలు ఇప్పటికి పదకొండు వచ్చాయి, నోటుపుస్తకంలో రాసుకుని దేన్నీ వెతకలేదు. అందులో నాలుగింటికి మూడో అధ్యాయం వచ్చేసరికి అర్థం తెలిసింది. ఇది పూర్తికాగానే 'హోరస్ రైజింగ్' తెప్పిస్తాను, ఒంగోలు వారు చెప్పిన ఆ కవి సంగతి నాకు కావాలి. దసరా సెలవులకు మేనల్లుడు వస్తానన్నాడు. ఈసారి ఇన్‌క్విజిటర్ బొమ్మ ఒకటి తెమ్మని చెప్పాను.