గుడ్డు వేయని పౌండ్ కేక్‌ని పౌండ్ కేక్ అనొచ్చా?

పెకాన్_చెట్టు (షార్లెట్, నార్త్ కరోలినా)

అందరికీ నమస్కారం. మా ఇంట్లో ఒక చిన్న తగువు నడుస్తోంది, మీరే తీర్చాలి.

మా పక్కింటావిడకి ఎనభై దాటాయి. ఇక్కడే పుట్టి పెరిగిన మనిషి. మేం ఇల్లు కొన్న వారంలోనే ఫాయిల్‌లో చుట్టి ఒక పౌండ్ కేక్ తెచ్చిచ్చారు. పైన పెళుసుగా పగిలిన పొర, లోపల పట్టులాంటి మెత్తదనం. అడగ్గా అడగ్గా నాలుగేళ్ళకి వాళ్ళమ్మగారి చేతిరాత కార్డు ఫొటో తీసుకోనిచ్చారు. అందులో ఉన్నది ఇంతే: బటర్ పౌండు, పంచదార పౌండు, గుడ్లు పౌండు, పిండి పౌండు, కొంచెం వెనిలా, ఉప్పు. కింద "అయ్యేదాకా ఉంచు" అని ఒక ముక్క. మన వ్రతం ప్రసాదానికి శేరుంబావు రవ్వ, అంతే పంచదార, అంతే నెయ్యి అన్నట్టు.

మా అత్తగారు, మామగారు గుడ్డు ముట్టరు. వాళ్ళు వచ్చినప్పుడు గుడ్ల బదులు పెరుగు, బేకింగ్ సోడా వేసి చేశా. బాగానే వచ్చింది, ఇద్దరూ రెండోసారి వేయించుకున్నారు. ఆ ధైర్యంతో మా వీధి పాట్‌లక్‌కి (తలా ఒక వంటకం తెచ్చుకునే విందుకి) కూడా అదే చేసి, 'ఎగ్‌లెస్ సదరన్ పౌండ్ కేక్' (గుడ్డు లేని, అమెరికా దక్షిణ రాష్ట్రాల పౌండ్ కేక్) అని చీటీ రాసి పెట్టా. పక్కింటావిడ ఒక ముక్క తిని, నా చెయ్యి పట్టుకుని, "చాలా బావుందమ్మా, దీన్ని ఏమంటారు?" అన్నారు. చీటీ ఆవిడ కళ్ళెదురుగానే ఉంది!

మా ఆయన అప్పట్నుంచి నవ్వుతూనే ఉన్నాడు. చెప్పండి, నేను రాసింది తప్పా?

అట్లాంటా_వంటిల్లు

తప్పేనండీ. ఏమనుకోకండి.

ఆ కార్డులో బేకింగ్ పౌడర్ లేదు, గమనించారా? పాత పద్ధతి పౌండ్ కేక్‌ని పైకి లేపేది మన చేతి గాలి, గుడ్లు. బటర్, పంచదార తెల్లబడేదాకా గిలకొడితే దానిలో సన్నటి గాలి బుడగలు చేరతాయి. గుడ్లు ఒక్కొక్కటీ వేస్తూ పోతే పచ్చసొన ఆ కొవ్వునీ నీటినీ కలిపి పట్టుకుంటుంది. ఓవెన్ వేడికి గుడ్డు గట్టిపడి ఆ బుడగలు కూలకుండా గోడ కడుతుంది. పౌండు గుడ్లంటే పెద్ద సైజువి పెంకు తీసేస్తే తొమ్మిది దాకా పడతాయి. తొమ్మిది గుడ్లు తీసేసి పెరుగు, సోడా పోస్తే ఆ కేక్ లేచే తీరే వేరు. తినడానికి బాగుండొచ్చు, ఎవరు కాదన్నారు? మినప్పిండితో అట్టు పోసి పెసరట్టు అని పెడితే మీరు ఊరుకుంటారా?

మజ్జిగ_కవ్వం (డాలస్)

అట్లాంటా గారూ, సేమ్యాతో చేస్తే సేమ్యా ఉప్మా అంటాం. ఉప్మా కాదు పొమ్మని ఎవరూ అనరు. ఆవిడ చీటీ మీద 'ఎగ్‌లెస్' అని రాశారు కదా, దాచలేదు కదా.

ఇంకో మాట. ఇప్పుడు సౌత్‌లో ఏ ఇంట్లో చేసే పౌండ్ కేక్ పౌండు లెక్కన ఉందో చెప్పండి. సోర్ క్రీమ్ పౌండ్ కేక్, క్రీమ్ చీజ్ పౌండ్ కేక్, సెవెనప్ పౌండ్ కేక్. సోడా సీసా ఒంపుకున్నవాళ్ళని ఎవరూ అడగరు, పెరుగు వేసినావిడని మాత్రం నిలదీస్తారు. అసలు నాలుగు పౌండ్ల లెక్కే ఇంగ్లండ్ నుంచి వచ్చింది. 1796లో అచ్చైన అమీలియా సిమన్స్ వంటల పుస్తకంలోనే పౌండ్ కేక్ ఉంది, ఆవిడ సౌత్ మనిషి కూడా కాదు. అప్పట్నుంచీ మారుతూ వచ్చిందే ఈ కేక్.

అట్లాంటా_వంటిల్లు

మారింది, ఒప్పుకుంటా. సోర్ క్రీమ్ దాంట్లోనూ ఆరు గుడ్లు పడతాయి. అన్నీ మార్చారు, గుడ్డు జోలికి మాత్రం పోలేదు. ఎందుకో మీరే చెప్పండి.

గుంటూరు_ఓవెన్

నేను అమెరికా చూడలేదు, ఓటీజీలో (చిన్న కరెంటు ఓవెన్‌లో) చేసుకునేదాన్ని. అయినా ఒక మాట. మనదేశంలో గుడ్డు లేకుండా కండెన్స్‌డ్ మిల్క్‌తో చేసే కేక్ ఏళ్ళ తరబడి ఉంది. ప్రతి పుట్టినరోజుకీ అదే. దాన్ని మేం 'మిల్క్‌మెయిడ్ కేక్' అంటాం. దానికి దాని పేరుంది, దాని పరువుంది. ఇంకోదాని పేరు అరువు తెచ్చుకోవడం దేనికి?

పనిలో పని, పౌండ్ కేక్ గుడ్లతో ఇక్కడ చేసేవాళ్ళకి చెప్తున్నా. మన గుడ్లు చిన్నవి, లెక్కపెట్టకండి, తూకం వేయండి. పెంకు లేకుండా 454 గ్రాములు. అమూల్ పసుపు ప్యాకెట్ వాడితే అందులో ఉప్పు ఉంటుంది, మళ్ళీ వేయకండి. మే నెలలో మా వంటింట్లో బటర్ బయట పెట్టిన పావుగంటకే నూనె అయిపోతుంది. నూనె అయిన బటర్‌లో గాలి నిలవదు. గిన్నె కింద ఐసునీళ్ళ పళ్ళెం పెట్టుకుని కొడతా. వేలితో నొక్కితే గుంట పడాలి, వేలికి మెరుపు అంటకూడదు, అదీ లెక్క. రెండుసార్లు ఈ కేక్ అడుగున ముద్దకట్టాకే ఈ తెలివి వచ్చింది.

రిచ్‌మండ్_కుర్రాడు (వర్జీనియా)

పేరు ఎవరిదో మాట్లాడుతున్నాం కాబట్టి ఒకటి అడుగుతా. ఈ 'సదరన్' కేకులు మొదట్నుంచీ గిలకొట్టిన చేతులు ఎవరివి? బేకింగ్ పౌడర్ రాకముందు గంటల తరబడి ఆ పిండి కలిపినవాళ్ళలో చాలామంది ఆ ఇళ్ళల్లో బానిసలుగా ఉన్న నల్లజాతి ఆడవాళ్ళు. పేరు మాత్రం ఇంటి యజమానురాలిది.

మలిండా రసెల్ అనే ఆవిడ టెనసీలో పేస్ట్రీ షాపు నడిపారు. అంతర్యుద్ధ కాలంలో దోపిడీకి గురై మిషిగన్ వెళ్ళిపోయి 1866లో వంటల పుస్తకం వేయించుకున్నారు. అమెరికాలో నల్లజాతి మహిళ రాసినవాటిలో ఇప్పటిదాకా దొరికిన మొదటి వంటల పుస్తకం అదే. చాలా వంటకాలు కేకులు, తీపి పదార్థాలే. 1955లో అలబామాలోని మాంట్‌గమరీలో, బస్సుల్లో నల్లవాళ్ళని వేరుగా కూర్చోబెట్టడానికి వ్యతిరేకంగా బస్సుల బహిష్కరణ మొదలైనప్పుడు జార్జియా గిల్మోర్ అనే వంటావిడ తోటివాళ్ళతో కలిసి కేకులు, పైలు, భోజనాలు అమ్మి ఉద్యమానికి డబ్బు పోగేశారు. ఆ జట్టు పేరు 'క్లబ్ ఫ్రమ్ నోవేర్'. డబ్బు ఎక్కడిదని అడిగితే "ఎక్కడిదీ కాదు" అని చెప్పడానికి వీలుగా పెట్టుకున్న పేరు.

అందుకే 'సదరన్' అనే మాట చీటీ మీద ఊరికే అలంకారంగా రాస్తే నాకు కొంచెం ఇబ్బంది. గుడ్డు సంగతి నాకు పెద్ద పట్టింపు లేదు.

మజ్జిగ_కవ్వం (డాలస్)

రిచ్‌మండ్ తమ్ముడూ, ఆ చరిత్ర ముందు మనం తలవంచాల్సిందే. కానీ అదే చరిత్ర ఇంకోటి కూడా చెప్తుంది. ఉన్నదాంతో సర్దుకోవడమే ఆ వంట. 1930ల గ్రేట్ డిప్రెషన్ (ఆర్థిక మాంద్యం) రోజుల్లో గుడ్డు, పాలు, బటర్ ఏమీ లేకుండా వెనిగర్, సోడాతో 'వాకీ కేక్' చేసుకున్నారు. అది అమెరికా కేక్ కాదంటామా?

అట్లాంటా_వంటిల్లు

చూశారా, మీ నోటితోనే వచ్చింది. గుడ్డు లేని కేక్ చేసుకున్నప్పుడు వాళ్ళు దానికి వేరే పేరు పెట్టుకున్నారు. వాకీ కేక్ అన్నారు, పౌండ్ కేక్ అనలేదు.

నా మాట ఒక్కటే. ఒక కేక్‌లో గుడ్డు చేసే పని ఎంతో చూసుకుని అప్పుడు తీయండి. లేన్ కేక్ తీసుకోండి, అలబామా రాష్ట్ర అధికారిక డెజర్ట్. ఎనిమిది గుడ్ల తెల్లసొన పొరల్లోకి, పచ్చసొన ఎండుద్రాక్ష, విస్కీతో కలిపి మధ్యలోకి. గుడ్డు తీస్తే మిగిలేది ఎండుద్రాక్షే (విస్కీ కూడా మిగులుతుంది, అది మీ అత్తగారికి ఎలాగూ పనికిరాదు). అదే హమ్మింగ్‌బర్డ్ కేక్ చూడండి. అరటిపండు, పైనాపిల్, పెకాన్లు. బటర్ కాదు, నూనె. గిలకొట్టే పనే లేదు, గరిటెతో తడిసేలా కలిపితే చాలు. లేపేది సోడా, పళ్ళ పులుపు. అందులో మూడు గుడ్లు తీసి ఇంకో అరటిపండు, రెండు చెంచాల చిక్కటి పెరుగు వేస్తే మీ పక్కింటావిడ కూడా పేరు అడగరు. నేను మా గుడి వాళ్ళ కోసం అలాగే చేస్తా. పొరలు చిన్న పాన్‌లో పల్చగా పోయండి, పెద్దవైతే తిప్పేటప్పుడు విరుగుతాయి.

పైగా అది మీ రాష్ట్రం కేకే. జమైకాలో 'డాక్టర్ బర్డ్' అనే పిట్ట పేరుతో మొదలైంది, 1978 ఫిబ్రవరి 'సదరన్ లివింగ్' పత్రికకి దాని వంటకం పంపింది మీ గ్రీన్స్‌బరో పాఠకురాలే. దీవిలోంచి వచ్చి నలభై ఏళ్ళలో సదరన్ అయిపోయింది. నేనేం తలుపులు మూసేసే మనిషిని కాను.

గుంటూరు_ఓవెన్

పెకాన్లు ఇక్కడ బంగారం ధర. వాల్‌నట్ వేయొచ్చా? లేక అప్పుడు పేరు మార్చాలా?

అట్లాంటా_వంటిల్లు

వేయండి తల్లీ. వాల్‌నట్ గోడ కట్టదు. 🙂

మజ్జిగ_కవ్వం (డాలస్)

సరే, పౌండ్ కేక్ విషయంలో సగం ఒప్పుకుంటున్నా. సగమే. కొత్తగా చేసేవాళ్ళకి ఒక మనవి: అమెరికన్ వంటకంలో బటర్‌మిల్క్ అని ఉంటే మన పల్చటి మజ్జిగ పోయకండి. ఇక్కడ దుకాణంలో దొరికేది తోడు వేసిన చిక్కటి పాలు, గరిటె జారుగా ఉంటుంది. పెరుగు మూడు వంతులు, నీళ్ళు ఒక వంతు వేసి చిలికితే దగ్గరకొస్తుంది. నా పేరు చూసి నమ్మండి.

పెకాన్_చెట్టు (షార్లెట్, నార్త్ కరోలినా)

రెండు వారాలకి మళ్ళీ వచ్చా. ఈ శనివారం కార్డులో ఉన్నట్టే, తొమ్మిది గుడ్లతో, బేకింగ్ పౌడర్ చిటికెడు కూడా లేకుండా చేశా. పిండి మాత్రం పక్కింటావిడే ఇచ్చారు, వైట్ లిలీ అనే బ్రాండుది. మెత్తటి గోధుమ, ప్రొటీన్ తక్కువ, ముట్టుకుంటే ముఖానికి రాసుకునే పౌడర్‌లా ఉంది. 325 డిగ్రీల ఫారన్‌హీట్‌లో గంటా ఇరవై నిమిషాలు. కోసి చూస్తే అడుగున వేలెడు మందాన పచ్చిగా, తడిగా ఒక చార. చెడిపోయిందనుకుని ఇవ్వాలా వద్దా అని గుమ్మంలో నిలబడితే, ఆవిడ ముక్క చేతిలోకి తీసుకుని ముందు ఆ చారే గిల్లుకుని తిన్నారు. దీన్ని ఇక్కడ 'శాడ్ స్ట్రీక్' అంటారట. ఏడుపు చార అన్నమాట. వాళ్ళ అన్నదమ్ములు చిన్నప్పుడు దానికోసమే కొట్టుకునేవారట.

పెరుగు కేక్ కూడా చేశా, మా అత్తగారికి. దాని చీటీ మీద 'పెరుగు కేక్' అని రాశా. మా ఆయన అది చదివి మళ్ళీ నవ్వాడు.

గుంటూరు_ఓవెన్

అయ్యో, నాకు రెండుసార్లు ముద్దకట్టింది అదేనా? కుక్కకి పెట్టేశా!